అక్కడ ఏర్పాటు, ఇక్కడ అదృష్టం

సికింద్రాబాద్‌లో ఆటో ఎక్కి 'సంగీత్' అంటే చాలు, డ్రైవరు మారు మాట్లాడకుండా తీసుకెళ్తాడు. తీరా దిగి చూస్తే సంగీత్ థియేటరు ఉండదు. దాన్ని కూలగొట్టి చాలా ఏళ్లయింది, చౌరస్తాకు మాత్రం ఆ పేరు అతుక్కుపోయింది. ప్యారడైజ్ కూడా అంతే. అదొక సినిమా హాలు పేరు. 1953లో ఆ హాలు ఆవరణలో చిన్న కెఫే ఒకటి మొదలైంది. తర్వాత హాలు పోయింది, బిర్యానీ నిలబడింది. ఇవాళ్టి పిల్లలకు ప్యారడైజ్ అంటే దమ్ బిర్యానీయే. ఒకప్పుడు అక్కడ తెర ఉండేదంటే నవ్వుతారు.

ఆ రోజులే వేరు అని నిట్టూర్చడానికి ఇదంతా చెప్పడం లేదు. హాళ్లు ప్యారిస్‌లోనూ మూతపడ్డాయి, సియోల్‌లోనూ మూతపడ్డాయి. హాలుతో పాటు అందులో కూర్చుని సినిమా చూడటం నేర్చుకునే అలవాటు కూడా పోతుంది కదా, దాన్ని ఎవరు ఎలా కాపాడుకున్నారు అన్నదే నా ఆసక్తి. ఎందుకంటే సినిమా తీసే పద్ధతులు, శైలులు ఆకాశంలోంచి ఊడిపడవు. ఎవరో ఎక్కడో కూర్చుని చూసిన సినిమాల్లోంచే అవి పుడతాయి.

దీనికి సాక్ష్యం మా ఊళ్లోనే ఉంది. శ్యామ్ బెనగళ్ 1934 డిసెంబరు 14న ఇక్కడి తిరుమలగిరిలో పుట్టారు. నాన్న శ్రీధర్ బెనగళ్ ఫొటోగ్రాఫరు. ఇంటి దగ్గర్లో సైనికుల కోసం నడిచే గారిసన్ సినిమా హాలు ఉండేది. అక్కడి ఆపరేటరుతో స్నేహం చేసుకుని ప్రొజెక్షన్ గదిలోంచే సినిమాలు చూసేవాడినని ఆయన పెద్దయ్యాక చెప్పుకొన్నారు. ఆ గదిని ఒక్కసారి ఊహించుకోండి. మెషీను వేడి, రీలు తిరిగే చప్పుడు, గోడలో జానెడు కన్నం. మడమలెత్తి నిలబడి ఆ కన్నంలోంచి తెరను చూసే కుర్రాడు. సినిమా కథతో పాటు సినిమా యంత్రం కూడా అతనికి అక్కడే పరిచయమైంది. పన్నెండేళ్లకే నాన్న కెమెరాతో చిన్న సినిమా తీశాడు. ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజుల్లో హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. 1974లో వచ్చిన 'అంకుర్'లో మన పల్లెను, మన దక్కనీ మాటను తెర మీద పెట్టి, పాటలూ ఫైట్లూ లేకుండా కూడా హిందీ సినిమా నడుస్తుందని చూపించాడు.

ఆ తర్వాత నాగేశ్ కుకునూర్. అమెరికాలో ఇంజినీరుగా సంపాదించుకున్న డబ్బుతో 17 రోజుల్లో, 17 లక్షల రూపాయల్లో 'హైదరాబాద్ బ్లూస్' (1998) తీశారు. తర్వాత మా పద్మారావునగర్‌కు చెందిన శేఖర్ కమ్ముల. సెయింట్ ప్యాట్రిక్స్‌లో చదివి, వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా నేర్చుకుని వచ్చి 'డాలర్ డ్రీమ్స్' (2000) తీశారు. తొలి సినిమాకే జాతీయ అవార్డు అందుకున్నారు.

ముగ్గురూ ప్రతిభావంతులే, సందేహం లేదు. కానీ ఒకరికి ఇంటి పక్కన గారిసన్ హాలు దొరికింది, ఇద్దరికి అమెరికా దారి దొరికింది. అవేవీ దొరకని నాలుగో కుర్రాడి సంగతేమిటి? ఆ కుర్రాణ్ని వేరేచోట్ల ఎలా పట్టించుకుంటున్నారో చూద్దాం.

ముందు ఫ్రాన్స్. 1950ల చివర్లో సినిమా తీసే తీరునే మార్చేసిన త్రూఫో, గొడార్డ్ లాంటివాళ్లకు బడి ప్యారిస్‌లోని సినిమాథెక్. హెన్రీ లాంగ్లువా అనే ఒక సినిమా పిచ్చోడు 1936లో స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన ఫిల్మ్ భాండాగారం అది. అందులో ముందు వరసల్లో కూర్చుని మూకీల దగ్గర్నుంచి హాలీవుడ్ దాకా అన్నీ చూసిన కుర్రాళ్లే 'ది 400 బ్లోస్' (1959), 'బ్రెత్‌లెస్' (1960) తీశారు. 1968లో లాంగ్లువాను పదవి నుంచి తప్పిస్తే దర్శకులూ ప్రేక్షకులూ వీధిలోకి వచ్చారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టింది. పాత రీళ్లు దాచే మనిషి కోసం ఊరేగింపులు జరిగిన దేశం అది.

అక్కడితో ఆగలేదు. 1989లో మిడిల్ స్కూలు పిల్లలకు, 1994లో ప్రైమరీ పిల్లలకు ఒక పద్ధతి పెట్టారు. బడి వేళల్లోనే టీచరు పిల్లల్ని దగ్గర్లోని సినిమా హాలుకు తీసుకెళ్తారు. ఏడాదికి సుమారు మూడు సినిమాలు. వాటిలో పాతవి ఉంటాయి, వేరే దేశాలవి ఉంటాయి, మాటల్లేనివీ ఉంటాయి. చూసి వచ్చాక తరగతిలో మాట్లాడుకుంటారు. కెమెరా ఎక్కడుంది, ఆ అమ్మాయి ముఖం అంత దగ్గరగా ఎందుకు చూపించారు, చప్పుడు ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయింది వంటి ప్రశ్నలు వేసుకుంటారు. పరీక్షలు, మార్కులు లేవు. పల్లెటూరి చిన్న హాలుకు పగటి పూట గిరాకీ, పిల్లలకు కొత్త చూపు.

ఇక్కడ మనకు అలాంటి అవకాశం రాలేదా? వచ్చింది. అంతర్జాతీయ బాలల చలన చిత్రోత్సవానికి హైదరాబాద్‌ను శాశ్వత వేదిక చేశారు. రెండేళ్లకోసారి నవంబరులో 'గోల్డెన్ ఎలిఫెంట్' పండగ జరిగేది. స్కూలు బస్సులు వరసగా హాళ్ల ముందు ఆగేవి. యూనిఫారాల్లో పిల్లలు చేతులు పట్టుకుని దిగి, ఇరాన్ సినిమానో, చైనా సినిమానో చూసి వెళ్లేవారు. 2017లో 20వ ఉత్సవం జరిగింది. దాన్ని నడిపిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ 2022లో జాతీయ చలన చిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిపోయింది. పిల్లలకు సినిమా చూపించడమంటే ఫ్రాన్స్‌లో టైంటేబుల్‌లో ఒక గంట, మనకు మాత్రం ఒక పండగ. పండగ ఎప్పుడైనా వాయిదా పడొచ్చు, టైంటేబుల్ అంత తేలిగ్గా ఆగదు.

ఫ్రాన్స్ దూరం, ధనిక దేశం అంటారా? సరే, రైలెక్కితే చేరిపోయే కేరళకు వెళ్దాం. 2024లో 'ప్రేమలు' అనే మలయాళ సినిమా వచ్చింది. కథ నడిచేది హైదరాబాద్‌లోనే. తెలుగులోకి డబ్బింగ్ చేస్తే మనవాళ్లు విరగబడి చూశారు. మన ఊరి ఐటీ కుర్రాళ్ల గదులు, బస్సులు, రోడ్లు మనకే కొత్తగా కనిపించాయి. వేరే రాష్ట్రం వాళ్లు వచ్చి మన ఊరిని మనకు చూపించి వెళ్లడం కొంచెం సిగ్గుగానూ అనిపించింది, నవ్వూ వచ్చింది.

ఆ చూపు వాళ్లకు ఒక్క రోజులో రాలేదు. 1965లో అడూర్ గోపాలకృష్ణన్, మిత్రులు తిరువనంతపురంలో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. సినిమాలు చూడటంతో సరిపెట్టకుండా సహకార సంఘంగా ఏర్పడి 'స్వయంవరం' (1972) నిర్మించారు. 1984లో జాన్ అబ్రహం, స్నేహితులు ఒడెస్సా అనే బృందం కట్టి ఊరూరా తిరిగి సినిమాలు వేస్తూ, జనం ఇచ్చిన చిల్లర పోగేసి 'అమ్మ అరియాన్' (1986) తీశారు. తర్వాత ప్రభుత్వం ఆ బాటలో నడిచింది. 1996లో కేరళ అంతర్జాతీయ చలన చిత్రోత్సవం, 1998లో చలచిత్ర అకాడమీ వచ్చాయి. 2013లో కొరియా దర్శకుడు కిమ్ కి డుక్ ఆ ఉత్సవానికి వస్తే, స్టార్ హీరో వచ్చినట్టు కుర్రకారు చుట్టుముట్టింది. మన దగ్గర ఒక కొరియా దర్శకుడు ట్యాంక్‌బండ్ మీద నడిచి వెళ్తే ఎంతమంది గుర్తుపడతారు?

మనకు ఫిల్మ్ సొసైటీలు లేవని కాదు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఉంది, కరీంనగర్‌లో కఫిసో ఉంది. పట్టుదల ఉన్న నలుగురైదుగురు తమ జీతాల్లోంచి, తమ ఆదివారాల్లోంచి తీసి వాటిని నడిపించారు. ఆ ఊపు ఉన్న కాలంలోనే 'మా భూమి' (1979), 'దాసి' (1988) లాంటివి వచ్చాయి. తేడా ఎక్కడంటే, కేరళలో సొసైటీ వాళ్ల కోరికలు ప్రభుత్వ పద్దుల్లోకి ఎక్కాయి. మన దగ్గర వాళ్ల ఓపిక ఉన్నంతకాలమే సొసైటీ ఆయుష్షు. పైగా మనకో మాట ఉంది: 'అవార్డు సినిమా'. ఆ మాట అనగానే పక్కవాడు ఆవులిస్తాడు. బహుమతి వచ్చిందని చెప్తే చూడకుండా పారిపోయే పరిస్థితి తెచ్చుకున్నాం. అక్కడ అదే మాటకు టికెట్ క్యూ పెరుగుతుంది.

మూడోది కొరియా. 'పారాసైట్' 2020లో ఆస్కార్ గెలిచినప్పుడు మనమంతా ఆశ్చర్యపోయాం. మేడ మీద ధనికులు, కింద పేదలు, మధ్యలో మెట్లు. దర్శకుడు బాంగ్ జూన్ హో తన మీద 1960 నాటి 'ది హౌస్‌మెయిడ్' ప్రభావం ఉందని చెప్పారు. కిమ్ కి యంగ్ తీసిన ఆ సినిమాలోనూ మెట్లే కీలకం. ఆ సినిమా మొత్తంగా మిగలనే లేదు. రెండు రీళ్లు పోయాయి. 1990లో దొరికిన ఆ రీళ్ల మీద చేత్తో రాసిన ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు అడ్డంగా ఉన్నాయి. కొరియా ఫిల్మ్ ఆర్కైవ్ వాటిని ఓపిగ్గా శుభ్రం చేయించి, 2008లో సినిమాను తిరిగి నిలబెట్టింది. కొత్తగా తీసే ప్రతి సినిమా ప్రతిని ఆర్కైవ్‌కు ఇవ్వాలని 1996లోనే చట్టం చేసుకున్నారు. ఇప్పుడు ఆ ఆర్కైవే వందలాది పాత సినిమాలను సబ్‌టైటిళ్లతో యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టింది. సియోల్‌లో దాని హాలుకు వెళ్తే టికెట్ లేదు.

ఇక్కడ మన లెక్క. మన తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు లేదు. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని పరిశోధకులు తేల్చారు కాబట్టి ఏటా ఆ తేదీన దండలు వేస్తాం. దండ వేయడానికి తేదీ ఉంది, చూడటానికి ఒక్క అడుగు ఫిల్ము కూడా లేదు. మిగిలినవాటిని చూసే తీరూ తెలిసిందే. యూట్యూబ్‌లో పాత తెలుగు సినిమా పెట్టండి. పైనా కిందా కత్తిరించిన బొమ్మ, మూలన కంపెనీ లోగో, పల్లవి అయ్యేలోపు ప్రకటన. మార్కస్ బార్ట్‌లీ 'మాయాబజార్' (1957)లో వెలుగునీడలతో చేసిన పని అలా చూస్తే ఎక్కడ తెలుస్తుంది? ఆ సినిమా మీద ప్రేమతో 2010లో రంగులద్దాం. ముచ్చటగానే ఉంది. కొరియా వాళ్లయితే ముందు పాత నలుపు తెలుపుల్ని బాగు చేస్తారు.

బెనగళ్ సినిమానే చూడండి. 'మంథన్' (1976) కోసం 5 లక్షల మంది గుజరాత్ పాడి రైతులు తలా రెండు రూపాయలు వేసుకున్నారు. ఆ సినిమాను ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగు చేయిస్తే 2024 మేలో కాన్ ఉత్సవంలో వేశారు. అదే ఏడాది డిసెంబరు 23న బెనగళ్ కన్నుమూశారు. ఆయన పుట్టిన తిరుమలగిరికి ఆ ప్రింటు వచ్చి, ఒక ఆదివారం మనందరం కూర్చుని చూసే ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేది!

తీసే పద్ధతిలోనూ ఇదే తేడా. 1995 మార్చిలో ప్యారిస్‌లో జరిగిన సభలో డెన్మార్క్ దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్ ఎర్ర కరపత్రాలు విసిరాడు. 'డాగ్మె 95' అని పది నియమాలు. సెట్లు వేయకూడదు, కెమెరా చేత్తోనే పట్టుకోవాలి, శబ్దం అక్కడికక్కడే రికార్డు చేయాలి, ప్రత్యేకంగా లైట్లు పెట్టకూడదు, దర్శకుడు పేరు వేసుకోకూడదు. వాటిలో కొన్నింటిని వాళ్లే పాటించలేకపోయారనుకోండి. కానీ నియమాలు రాసి పెట్టారు కాబట్టి ఊరూపేరూ లేని కుర్రాళ్లు కూడా చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని ఆ దారిన నడిచారు. ముప్పైకి పైగా సినిమాలు ఆ ముద్రతో వచ్చాయి.

మన 'కేరాఫ్ కంచరపాలెం' (2018) దానికేం తీసిపోదు. విశాఖలోని ఆ పేట జనంలోంచే 80 మందికి పైగా నటులు కాని మనుషుల్ని తీసుకుని వెంకటేశ్ మహా అద్భుతం చేశారు. తెలుగు సినిమాలో హీరోయిన్ పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది కావడం మామూలే. అలాంటిచోట ఆ మనుషులు తమ యాసలో తామే మాట్లాడుతుంటే చెవులకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ పని ఎలా చేశారు, ఎన్నాళ్లు రిహార్సల్ చేయించారు, రోడ్డు మీది రొదలో మాటలు ఎలా పట్టారు అన్నది పాఠంగా మారి పక్కవాడి చేతికి అందలేదు. తర్వాత వచ్చేవాడు మళ్లీ మొదటి మెట్టు నుంచే మొదలెట్టాలి. మన దగ్గర ప్రతి మంచి చిన్న సినిమా ఒక సాహసం. అక్కడ అది ఒక పద్ధతి.

ఇదంతా డబ్బుతో పని కదా అంటారు. నిజమే, కానీ డబ్బు ఎక్కడిదో కూడా చూడాలి. ఫ్రాన్స్‌లో ప్రతి సినిమా టికెట్ మీద 10.72 శాతం పన్ను వేసి సీఎన్‌సీ అనే సంస్థకు ఇస్తారు. హాలీవుడ్ సినిమా టికెట్ మీద కూడా అంతే. అది మళ్లీ కొత్త సినిమాలకు, చిన్న హాళ్లకు చేరుతుంది. అంటే 'అవతార్' చూసినవాడు తనకు తెలియకుండానే ఒక కొత్త కుర్రాడి తొలి సినిమాకు చందా వేస్తాడు. మన మల్టీప్లెక్సులో రూ.250 టికెట్‌కు 18 శాతం జీఎస్టీ, అంటే రూ.45 కలిపి రూ.295 కడుతున్నాం. పన్ను మనదే ఎక్కువ. అది ఖజానాలో కలిసిపోతుంది తప్ప సినిమాకు తిరిగి రాదు. ఆ 45లో ఒక్క రూపాయి వెనక్కి వచ్చినా కథ మారుతుంది. కేరళ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ మహిళా దర్శకులకు తలా కోటిన్నర దాకా ఇచ్చి తొలి సినిమాలు తీయించింది. మనం పెద్ద సినిమా ఒక సెట్‌కు పెట్టే ఖర్చుతో పోలిస్తే అదెంత?

అక్కడంతా స్వర్గమని నేననను. ఫ్రాన్స్‌లో సాయం అందుకుని ఎవరూ చూడని సినిమాలు తీసేవాళ్లున్నారని అక్కడివాళ్లే విసుక్కుంటారు. కొరియాలో పెద్ద కంపెనీల సినిమాలే తెరలన్నీ ఆక్రమిస్తాయన్న ఫిర్యాదు ఉంది. కళకు పేరుపడ్డ మలయాళ పరిశ్రమలో ఆడవాళ్లు పడ్డ బాధలేమిటో 2024 ఆగస్టులో బయటికొచ్చిన హేమ కమిటీ నివేదిక చెప్పింది. మనకున్నది వాళ్లకు లేదు కూడా. పొద్దున్నే లేచి బెనిఫిట్ షోకు పరుగెత్తే జనం, 'ఆర్‌ఆర్‌ఆర్' లాంటి భారీ ఊహను తెర మీదికి తెచ్చే చేయి, సినిమాను ఇంటి మనిషిలా తిట్టే, మెచ్చే చనువు. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో ఏం జరిగిందో గుర్తుందా? ఊరి మధ్యలో తెర కట్టి, చాపలు పరుచుకుని ఊరంతా కూర్చుని చూసి కన్నీళ్లు పెట్టుకుంది. ఒక చావింటి కథ, పెద్ద హీరో లేడు. జనానికి మంచి సినిమా ఎక్కదన్న సాకును ఆ చాపల మీద కూర్చున్నవాళ్లే కొట్టిపారేశారు.

కాబట్టి మనకు కావలసింది కొత్త ప్రేమ కాదు, చిన్న ఏర్పాట్లు. వాటికి విత్తనాలూ ఉన్నాయి. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో 2016 నుంచి 'సినివారం' పేరుతో శనివారాల్లో కొత్తవాళ్ల చిత్రాలు వేస్తూ వచ్చారు. కరీంనగర్‌లో పుట్టి బొంబాయి మూకీల్లో వెలిగిన జైరాజ్ పేరు ఆ హాలుకు పెట్టడం మంచి ఆలోచన. అలాంటి గది సికింద్రాబాద్‌లో ఒకటి, వరంగల్‌లో ఒకటి ఎందుకు ఉండకూడదు? 2019 డిసెంబరులో అన్నపూర్ణ స్టూడియోలో పాత ఫిల్ములు కాపాడే పని మీద శిక్షణ శిబిరం జరిగింది. నేర్చుకున్నవాళ్లున్నారు, వాళ్లకు పని ఇచ్చే భాండాగారమే లేదు. ప్రభుత్వ అవార్డో, రాయితీయో పొందిన ప్రతి సినిమా ఒక మంచి ప్రతిని, స్క్రిప్టుతో సహా, ప్రభుత్వానికి అప్పగించాలని ఒక్క జీవో ఇస్తే చాలు. ఇరవై ఏళ్లలో అదే పెద్ద లైబ్రరీ అవుతుంది.

అన్నిటికన్నా తేలికైనది బడి సినిమా. 2024 మేలో ప్రేక్షకులు లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లను పది రోజులు మూసేశారు. మామూలు రోజుల్లో కూడా మార్నింగ్ షోలు సగానికి సగం ఖాళీ. ఏసీ ఉంది, తెర ఉంది, ఆపరేటరు ఉన్నాడు, కుర్చీలున్నాయి. దగ్గర్లోనే బడి ఉంది. రెంటికీ మధ్య ఉన్నది ఒక ఉత్తరం, ఒక బస్సు.

సికింద్రాబాద్‌లోని ప్రధానోపాధ్యాయులకు, హాలు యజమానులకు ఒక మనవి. వచ్చే నవంబరు 14న, బాలల దినోత్సవం రోజు, మిఠాయిలు పంచడంతో ఆపకండి. ఒక మార్నింగ్ షో మాట్లాడుకుని ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లండి. 'బలగం' వేయండి, మాటలు అక్కర్లేని చాప్లిన్ సినిమా అయినా వేయండి. వెళ్లేముందు ఒక పదిమందిని ప్రొజెక్షన్ గదిలోకి కూడా పంపండి. ఇప్పుడక్కడ రీళ్లు లేవు, సర్వరు ఉంటుంది. గోడలో కన్నం మాత్రం అలాగే ఉంటుంది.